పసులమందల నడుమ పెంపుడుకుక్కతో నడచుట

తెలుగింటి స్త్రీ తన చేతితో కూడుపెట్టి పెంచెడి జంతువులు ముఖ్యముగా రెండు. ఒకటి పెరటిలోని పాడిపశువు. రెండవది గడపయొద్ద పండుకొను కుక్క. కుడితి కలిపి తొట్టిలో పోయునది ఆమెయే. తినగా మిగిలిన మెతుకులు కుక్కకు వేయునదియు ఆమెయే. ఈ రెండును ఒక్క యింటి తిండి తినుచు, ఒక్క వాకిట మెలగుచుండుటచే వీనికి పరస్పరము స్నేహమే కలదని మనము తలంచుచుందుము. పెరటివఱకు ఆ మాట నిజమే. మన యావు మన కుక్కను ఎఱుగును. కాని అదే కుక్కను వెంటబెట్టుకొని ఊరి వెలుపలి బీటిలో అడుగుపెట్టితిమేని, అచ్చట మేయుచున్న మందకు అది పరాయిమృగము. దానిని తెచ్చిన మనమును పరాయివారమే. ఈ చిన్న భేదమును గుర్తింపకపోవుటచే ప్రాణముమీదికి వచ్చిన సందర్భములు లోకమున కలవు. కావున పశువులు మేయు పొలములమీదుగా కుక్కతో నడచు స్త్రీలు తెలిసికొనదగిన సంగతులను ఇచ్చట కొంత వివరింపదలచితిమి.

మన తీరమున ఈ మాట ఏల?

నెల్లూరు సముద్రతీరము మన చదువరులలో పెక్కుమంది చూచినదే. ఉత్తరమున కావలికి తూర్పుననున్న తుమ్మలపెంట మొదలు, మైపాడు, కృష్ణపట్నము మీదుగా, దక్షిణమున పులికాటు సరస్సు వఱకు భూమి యించుమించుగా ఒకే తీరున నుండును. సముద్రమునకు చేరువ ఇసుకదిబ్బలు, సరుగుడు తోపులు. వానికి పడమర బకింగుహాము కాలువ. ఆపైన వరిపొలములు, చెఱువులు. దక్షిణపు కొసనున్న తడ, సూళ్లూరుపేట ప్రాంతములు 2022లో తిరుపతి జిల్లాలో చేరినను, వాడుకలో అదియంతయు నెల్లూరుసీమయే.

వేసవి సమీపించి వరికోతలు ముగియగనే, ఎడగారు పైరు పెట్టని పొలములన్నియు కొయ్యకాళ్లతో మిగులును. అప్పుడు ఊరి పశువులను వానిలోనికి తోలుదురు. ఆవులు, ఎనుములు, పెయ్యలు, దూడలు, గొఱ్ఱెలమందలు పలుపు లేక స్వేచ్ఛగా తిరుగుచుండును. మునుపు తీరగ్రామములలో మేతకు బయలు విశాలముగా నుండెడిది. 1990 ప్రాంతమునుండి రొయ్యల గుంటలు పెరిగిన చోట్ల ఆ బయలు తగ్గిపోయినది. గుంటల కట్టలు, కాలువగట్లు, పొలముల గెనిమలు, ఇవియే మనుష్యులకు దారి. పశువులకును ఇవియే దారి. ఎదురైనప్పుడు ప్రక్కకు తొలగుటకు తావుండదు. ఒకవైపు గుంటలోని నీరు, మఱియొకవైపు బురద, నడుమ మూడు మూరల గట్టు. ఆ గట్టుమీద ఎదురుగా దూడతో కూడిన ఆవు. మన చేతిలో గొలుసుతో కుక్క. చిక్కు అంతయు ఇచ్చటనే యున్నది.

పొలమునకు సద్ది తీసికొనిపోవు ఇల్లాలు, ఆరోగ్యమునకై ఉదయమున నడచు గృహిణి, సెలవులకు వచ్చి సముద్రము చూడబోవు పిల్లలు, వీరి వెంట కుక్క పోవుట సామాన్యము. కొందఱు పట్టణమునుండి మేలుజాతి కుక్కను గొలుసుతో తెత్తురు. పల్లెలలో నన్ననో పిలువకయే వీథికుక్క వెంటపడి వచ్చును. రెండు విధములను అపాయము ఒక్కటియే.

ఆవునకు కుక్కపై కోపమేల?

ఆవు సాధుజంతువని మనము చిన్ననాటనుండి విని యున్నాము. సాధుత్వము నిజమే గాని, సాధుత్వమునకును తల్లితనమునకును పోరు వచ్చినప్పుడు తల్లితనమే గెలుచును. ఆవులకు, ఎనుములకు తోడేలు, అడవికుక్క మున్నగునవి అనాదిగా శత్రువులు. మన కుక్క ఎంత ముద్దుగా పెరిగినను, ఆకారమున, వాసనయందు, నడకయందు అది తోడేలునకు చుట్టమే. ఆవు ఆ చుట్టఱికమును మఱవదు.

మఱియొక సంగతి కలదు. క్రొత్తగా ఈనిన ఆవు తన దూడను గడ్డిమాటుననో, పొదచాటుననో పండుకొనబెట్టి, తాను కొంత దూరమున మేయుచుండుట కలదు. మనకు దూడ కనబడదు. కుక్కకు మాత్రము వాసన తెలియును. అది ముక్కు నేలకానించి ఆ పొదవైపు పోవును. తల్లికి అంతకంటె వేఱు కారణ మక్కఱలేదు. ఒక ఆవు బుసకొట్టగనే తక్కినవియు మేత మాని తలలెత్తి చుట్టుకొనును. ఏలన, మందగా కూడి శత్రువును తఱుముట వాని స్వభావము. ఎనుములలో ఈ గుణము మఱింత ప్రబలము.

ఎదిగిన యొంగోలు ఆవు నాలుగువందల కిలోలకు పైబడి తూగును. ఒంగోలు తాలూకా 1904వఱకు నెల్లూరు జిల్లాలోనిదే; బ్రెజిలు దేశమువారు ఆ జాతిని నేటికిని 'నెలోరె' యని మన యూరిపేరుతోనే పిలుచుచున్నారు. దేశదేశముల కీర్తి గడించిన ఆ దేహబలము మనమీదికి వచ్చినప్పుడు కీర్తి జ్ఞప్తికి రాదు. అది పొడువనక్కఱలేదు, త్రోసిన చాలును.

అసలైన అపాయము

ఇచ్చట చదువరులు ముఖ్యముగా గ్రహింపవలసిన దొకటి కలదు. ఆవు సాధారణముగా మనపై కోపముతో రాదు. కుక్కపై కోపముతో వచ్చును. కుక్క మొదట మొఱుగును. ఆవు తల వంచి ముందునకు రాగానే దానికి భయము పుట్టును. భయపడిన కుక్క ఎచ్చటికి పోవును? తన్ను పెంచిన తల్లియొద్దకే పోవును. మన కాళ్లనడుమ దూఱును, చీరచెఱగున దాగును. ఆవు దానిని వెంబడించుచు మనమీదికే వచ్చును. గొలుసు మన చేతిలో నున్నచో కుక్క పాఱిపోవుటకును వీలుండదు. ఇట్లు మన ప్రేమయే మనకు ఉచ్చగును.

కావున మొదటి సూత్రమును, కడపటి సూత్రమును ఇదియే: పశువు మీదికి వచ్చినప్పుడు కుక్కను విడిచిపెట్టవలెను. ఇది నిర్దయ గాదు. కుక్క ఆవుకంటె వడిగా పరుగెత్తగలదు, ఇఱుకుచోట్ల దూఱగలదు, నీటిలో ఈదగలదు. మనము ఈ మూడింటను దానికి సాటిరాము. విడిచినచో కుక్క బ్రదుకును, మనమును బ్రదుకుదుము. పట్టుకొన్నచో ఇద్దఱికిని ముప్పే. కాని చేతిలోని గొలుసును ఆపత్సమయమున వదలుటకు మనస్సొప్పదు, పసిబిడ్డను వదలినట్లుండును. అందుచేత ఇంటియొద్దనే ఈ మాటను నిశ్చయము చేసికొని, పిల్లలచేతను పలుమాఱు అనిపించి యుంచవలెను.

ఇతర దేశముల అనుభవము

ఇది పల్లెటూరివారి వెఱపని కొందఱు నవ్వవచ్చును. ఇంగ్లండులో పొలములమీదుగా కాలిబాటలు చట్టసమ్మతముగా నున్నవి. అందుచేత ఆ దేశమున ఈ విషయమును జాగ్రత్తగా విచారించిరి. 2009 జూను నెలలో ఆ దేశపు మాజీ హోముమంత్రి డేవిడ్ బ్లంకెట్ గారు పీక్ డిస్ట్రిక్టు కొండలలో నడచుచుండగా ఒక ఆవు మీదపడి ఆయన ప్రక్కటెముక విఱిగెను. ఆయన పుట్టుకతో అంధులు. దారిచూపు కుక్క ఆయన వెంట నుండెను. మంత్రిపదవి నలంకరించిన వారనియు, ఆ కుక్క నేర్పరియైనదనియు ఆవునకు తెలియదు గదా.

ఆస్ట్రియా దేశపు టిరోలు కొండలలో జరిగినది ఇంతకంటె శోచనీయము. 2014 జూలైలో ఒక జర్మను స్త్రీ తన కుక్కతో పచ్చికబయలున పోవుచుండగా, దూడలతో నున్న ఆవులమంద ఆమెను త్రొక్కి చంపినది. కుక్క త్రాటిని ఆమె నడుమునకు తగిలించుకొని యుండెను. విడిచిపెట్టుటకు వ్యవధి లేకపోయెను. మృతురాలి కుటుంబమువారు న్యాయస్థానమున కెక్కిరి. మొదటి న్యాయస్థానము 2019లో తప్పంతయు రైతుదే యన్నది. రాకపోకలు గల దారివెంబడి కంచె వేయలేదని దాని యభిప్రాయము. పై న్యాయస్థానములు తప్పును చెఱిసగముగా పంచినవి. 2020లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము దానినే స్థిరపఱచినది. తల్లియావుల సమీపమునకు కుక్కను కొనిపోవుట అపాయమని తెలిసికొనవలసిన బాధ్యత నడచువారికిని కలదని ఆ తీర్పుల సారాంశము. చదువరులు ఒక్క మాట మఱవరాదు: త్రాడు నడుమునకు కట్టుకొనరాదు, మణికట్టునకు చుట్టుకొనరాదు. అఱచేతిలో వదులుగా పట్టవలెను, వ్రేళ్లు విప్పినంతనే జాఱిపోవునట్లు.

నడచు విధము

బయలుదేరునప్పుడు దారిని గుఱించి పసులకాపరి నడుగుట అన్నిటికంటె మేలు. ఏ ఆవు ఎప్పుడు ఈనినదో, ఏ ఎనుము పొగరుబోతుదో, ఏ ఆంబోతు మందలో నున్నదో వానికి తెలిసినట్లు మఱియొకరికి తెలియదు. మన తీరమున కాపరులు దూరమునుండియే కేకవేసి చెప్పుట వాడుక: “అమ్మా, కుక్కను ఇటు తేబాకండి, ఈనిన ఆవుండాది!” అని వాడన్నచో, అది మనలను అడ్డగించుట యని తలంపక, ఉపకారమని తలంచి మఱలిపోవలెను. “అట్టనే నాయనా, చుట్టు తిరిగి పోతాంలే” యన్న సమాధానమున మన గౌరవమునకు లోపమేమియు రాదు.

మంద కనబడగనే కుక్కను త్రాడు కుఱుచగా పట్టి మన ప్రక్కననే నడిపింపవలెను. మంద నడుమనుండి పోరాదు; ఎంత దూరమైనను చుట్టు తిరిగి పోవలెను. ఆవునకును దూడకును నడుమ ఎన్నడును నిలువరాదు. వెనుకనుండి చప్పుడు లేక సమీపింపరాదు. పశువునకు ప్రక్కలనున్నది బాగుగా కనబడును గాని, సరిగా వెనుకనున్నది కనబడదు, అదరిపడును. మెల్లగా మాటలాడుచు పోయినచో మన రాక దానికి ముందుగా తెలియును. గొడుగు చటాలున విప్పుట, చీరచెఱగు విసరుట, పిల్లలు కేకలువేయుచు పరుగెత్తుట కూడదు. కనుమపండుగనాడు పశువులకు కొమ్ములు రంగులద్ది, గంటలు కట్టి, డప్పులతో ఊరేగించునప్పుడు అవి ముందే బెదరి యుండును. ఆనాడు కుక్కను ఇంట కట్టివేయుట మంచిది.

పశువు మనస్సు దాని దేహమున తెలియును. మేత మాని తలయెత్తి తేఱిపాఱ చూచినచో అది మనలను గమనించినదని యర్థము. నిలిచి, మెల్లగా వెనుదీయవలెను. తల వంచి, బుసకొట్టి, గిట్టతో నేల గీఱినచో, లేక దేహమునంతయు అడ్డముగా త్రిప్పి చూపినచో, మీదికి రానున్నదని యర్థము. అప్పుడు వెన్నుచూపి పరుగెత్తరాదు. పరుగు దానికి మఱింత ఉద్రేకము కలిగించును. దానికి ఎదురుగా నుండియే, చేతులు చాచి గట్టిగా అదలించుచు, వెనుకడుగులతో గట్టు దిగియో, చెట్టుచాటునకో, కంచె యావలికో చేరవలెను. ఇంకను వచ్చినచో కుక్కను విడువవలెను. కుక్కను ఎత్తి చంకనబెట్టుకొనుట అన్నిటికంటె చెడ్డపని. చిన్నకుక్కలను పెంచువారు ఈ పొరపాటే చేయుదురు. ఒకవేళ క్రిందపడినచో చేతులతో తల కప్పుకొని, ముడుచుకొని, వీలైనప్పుడు ప్రక్కకు దొర్లిపోవలెను. దెబ్బ పైకి కనబడకున్నను ఆసుపత్రికి పోవుట అవసరము. 108 సంఖ్యకు టెలిఫోను చేసినచో వాహనము వచ్చును.

గొలుసులేని వీథికుక్క వెంటవచ్చినప్పుడు ఏమి చేయవలెను? మందకు దూరముగా నుండగనే దానిని మఱల్పవలెను. మఱలకున్నచో మనమే దారి మార్చుకొనవలెను. మంద నడుమ దానిపై ఱాయి విసరుట వలదు. ఱాయి కుక్కకు తగులదు, పశువులు బెదరును.

పశువులవారికి మనము పడిన ఋణము

ఇంతవఱకు మన ప్రాణమును గుఱించి చెప్పితిమి. ఎదుటివారి పశువును గుఱించియు ఒక మాట చెప్పవలసియున్నది. ఒకటి రెండు పాడిపశువులతో సంసారము నడుపుకొను ఇల్లాండ్రు తీరగ్రామములలో పెక్కుమంది. కుక్క తఱిమిన పశువు ఆ పూట పాలు సరిగా చేపదు. చూడి పశువు బెదరి గుంటలో పడినచో ఈడ్చుకొనిపోవు నష్టము ఒక సంవత్సరపు కష్టమునకు సమానము. కుక్కమలము మేతలో కలిసినచో దానిలోని ఒకానొక సూక్ష్మజీవివలన చూడియావులకు గర్భస్రావము కలుగుననియు పశువైద్యులు కనుగొనియున్నారు. కావున మన కుక్కను మేతబీళ్లలో మలవిసర్జనకు విడుచుట పరులకు అపకారము.

పైరులో పశువు పడినప్పుడు కుక్కను ఉసికొల్పుట మన పల్లెలలో చిరకాలపు అలవాటు. ఇది మంచి యలవాటు గాదు. అట్లు ఒకమాఱు తఱుమబడిన మంద ఆ పిమ్మట కనబడిన ప్రతి కుక్కను, దానితో వచ్చిన ప్రతి మనుష్యుని శత్రువుగా చూచును. ఒకరి ఉసికొల్పునకు మఱియొక యింటి బిడ్డ దెబ్బ తినును. ఇట్టి తగవులకే 1871నాటి చట్టము బందెలదొడ్లను ఏర్పఱచినది. నేడు భారతీయ న్యాయసంహితలోని 291వ సెక్షను ప్రకారము, తన స్వాధీనమునందున్న జంతువువలన మనుష్యులకు ప్రాణభయముగాని తీవ్రమైన గాయముగాని కలుగకుండ తగిన జాగ్రత్త తీసికొననివారికి ఆఱు నెలలవఱకు ఖైదు, లేక అయిదువేల రూపాయలవఱకు జుల్మానా, లేక రెండును విధింపవచ్చును. ఈ నియమము కుక్కగలవారికిని, పొగరుబోతు ఎద్దుగలవారికిని సమానమే.

మేతభూముల తగవు మన సీమకు క్రొత్తది గాదు. పదుమూడవ శతాబ్దమున నెల్లూరు నేలిన మనుమసిద్ధికిని, ఆలమందలతో వచ్చిన కాటమరాజునకును పుల్లరి విషయమున యుద్ధము జరిగి, ఖడ్గతిక్కన అందు మడిసినట్లు ఆ కథ చెప్పును. ఆ కలహము ముదురుటకు ఒక పెంపుడుచిలుక చావు కారణమని కథకులు పాడుదురు. ఒకరి ముద్దుజంతువునకును మఱియొకరి జీవనాధారమునకును నడుమ పుట్టిన తగవు ఎంతదూరము పోవునో తెలుపుటకు ఇంతకంటె నిదర్శన మేల?

కుక్కకాటును గుఱించి

పొలములలో తిరుగు కుక్కకు ఇతరకుక్కలతో పోరు తప్పదు. అందుచేత పెంపుడుకుక్కకు ఏటేట పిచ్చికుక్క రోగమునకు టీకా వేయించుట విధి. కఱచిన కుక్క మనదైనను, పరాయిదైనను, గాయమును వెంటనే సబ్బుతోను, ధారగా పోయు నీటితోను పదునైదు నిమిషములు కడుగవలెను. పసుపు, కారము, సున్నము, పసరు ఏదియు పూయరాదు. ఆ దినముననే ఆసుపత్రికి పోయి సూదిమందు ప్రారంభింపవలెను. పూర్వమువలె బొడ్డుచుట్టు పదునాలుగు సూదులు పొడుచు బాధ నేడు లేదు. చేతికి వేయు కొలది మోతాదులతో సరిపోవును. ప్రభుత్వ వైద్యశాలలలో దీనికి వెలలేదు. ఈ మందునకు మూలపురుషుడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ పాశ్చరు. 1885లో ఆయన మొదట రక్షించినది కుక్క కఱచిన తొమ్మిదేండ్ల బాలుని. మన దక్షిణదేశమున ఆయన పేర కూనూరులో 1907లో సంస్థ వెలసినది.

ఈ రోగము పశువులకును వచ్చును. కుక్క కఱచిన పశువు చొంగకార్చుచు, మ్రింగలేక, వింతగా అఱచుచున్నచో, గొంతులో ఏదో అడ్డుపడినదని దాని నోట చేయిపెట్టరాదు. పశువైద్యుని పిలువవలెను. మన రాష్ట్రమున 1962 సంఖ్యకు టెలిఫోను చేసినచో సంచార పశువైద్యశాల ఊరికి వచ్చును.

తల్లులకు విన్నపము

పిల్లలకు మనము నిప్పును గుఱించి, నీటిని గుఱించి నేర్పుదుము. పశువును గుఱించి నేర్పుట మఱచితిమి. మన పెద్దలకు అది నేర్పనక్కఱలేకుండెను, ఏలన వారు పశువులతోనే పెరిగిరి. నేటి పిల్లలలో పలువురు పట్టణమున పెరిగి, ఆవును బొమ్మలోను, కుక్కను సోఫామీదను చూచినవారు. సెలవులకు అమ్మమ్మగారి యూరు వచ్చినప్పుడు మొదటి దినముననే వారిని పసులకాపరియొద్దకు తీసికొనిపోయి, ఏ పశువు ఎట్టిదో చూపింపుడు. త్రాడు ఎట్లు పట్టవలెనో, ఎప్పుడు విడువవలెనో ఒకమాఱు ఆటగా చేయింపుడు.

పణులు అపహరించిన ఆవులను వెదకి కనుగొన్నది సరమ యను దేవతలకుక్క యని వేదము చెప్పుచున్నది. భారతారంభమున ఆ సరమయే, నిరపరాధియైన తన బిడ్డను కొట్టిరని జనమేజయుని నిలదీసినది. ఆవును రక్షించినదియు కుక్కయే. బిడ్డకై రాజును ఎదిరించినదియు కుక్కయే. దూడకై మనమీదికి వచ్చు ఆవు చేయుచున్నదియు అదే. కుక్కనందు తల్లిని, ఆవునందు తల్లిని చూడగల గృహిణికి ఈ రెండింటి నడుమ దారి కనుగొనుట కష్టము గాదు. దూరముగా తొలగిపోవుట, త్రాడు వదులుగా పట్టుట, వేళకు విడుచుట: ఈ మూడును నేర్చినచో చాలును.